దాచిన పొర

కిందటి వారం టీచరమ్మను మనం కంప్యూటర్ గదిలో, నాలుగో వరుస చివరి కుర్చీ పక్కన, తల పట్టుకుని కూర్చోబెట్టి వదిలేశాం. దర్జీ వచ్చి వెళ్ళి అప్పటికి గంట కూడా కాలేదు. మూడు నెలల కిందట పోయిన తన కూతురి నోటుపుస్తకం తెచ్చాడతను. చివరి పేజీలో ఆ పిల్ల రాసుకున్న నాలుగు ముక్కలు చూపించాడు. ‘గాలి బొమ్మ కింద పొరలో నాన్న కోసం ఒకటి వేసి దాచాను. కన్ను మూసి పెట్టాను. నాన్న పుట్టినరోజున తెరిచి చూపించాలి. అప్పటిదాకా టీచర్‌కి కూడా చెప్పకూడదు.’

“శనివారం రండి అన్నయ్యగారూ, తెరిచి చూపిస్తాను” అని మాటిచ్చేసింది టీచరమ్మ. మాటిచ్చి, అతన్ని గేటు దాకా సాగనంపి వచ్చి, బొమ్మ తెరిచింది. ఆ పొర అందులో లేదు.

పొరలంటే ఏమిటో ఆ బడిలో ఆరో తరగతి పిల్లనడిగినా చెబుతుంది. టీచరమ్మ నేర్పే పద్ధతి అలాంటిది. మొదటి రెండు నెలలూ పిల్లల్ని కంప్యూటర్ ముట్టనివ్వదు. ట్రేసింగ్ కాగితాలు పంచుతుంది. ఒకదాని మీద ఆకాశం వేయమంటుంది, ఇంకోదాని మీద ఇల్లు, మూడోదాని మీద మనిషి. మూడూ దొంతరగా పెడితే ఒక బొమ్మ. మనిషిని తీసేసినా ఇల్లు చెక్కుచెదరదు. ఇది చేతికి అలవాటయ్యాకే తెర ముందు కూర్చోబెట్టి, “ఇక్కడా అంతే. ఒక్కో పొర పక్కన ఒక కన్ను గుర్తు ఉంటుంది. కన్ను మూస్తే పొర దాక్కుంటుంది. ఎక్కడికీ పోదు” అంటుంది.

ఎక్కడికీ పోదని చెప్పిన నోరు ఆమెదే. పోగొట్టిన చెయ్యీ ఆమెదే.

ఆమె ఆ బడిలో చేరి ఇరవై రెండేళ్ళు. చేరినప్పుడు ఒట్టి డ్రాయింగ్ టీచర్. పదకొండేళ్ళ కిందట బడికి కంప్యూటర్లు అట్టపెట్టెల్లో వచ్చి, విప్పే దిక్కు లేక ఏడాది పాటు మూలపడి ఉంటే, అప్పటి హెడ్మాస్టరు ఆమెను పిలిచి, “బొమ్మలు వేసే చెయ్యి కదమ్మా, మౌస్ కూడా తిప్పుతుంది. మీరే చూసుకోండి” అన్నారు. ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి ఆమె. కాదనడం అలవాటు లేని మనిషి కూడా. మౌస్ తిరగేసి పట్టుకున్న రోజు నుంచి మొదలుపెట్టి, సెలవుల్లో తరగతులకు వెళ్ళి, తనకంటే సగం వయసు వాళ్ళ పక్కన కూర్చుని నేర్చుకుంది. “రెండు పడవల మీద కాళ్ళు పెట్టింది, ఎప్పుడో మునుగుతుంది” అన్నారు స్టాఫ్ రూమ్‌లో. “రెండు పడవలూ కలిపి కట్టేశానండీ, ఇప్పుడు ఒకటే” అని ఆమె నవ్వింది.

నిరుడు ఆ తాడు తెగేంత పని అయింది. కంప్యూటర్ చదువుకు కంప్యూటర్ చదివినవాళ్ళే ఉండాలనీ, డ్రాయింగ్‌కి వేరే పోస్టు అక్కర్లేదనీ పైనుంచి కాగితం వచ్చింది. సరిగ్గా అప్పుడే చిత్రాల పోటీ. డాబా మీద ఆరేసిన బట్టల్లోకి గాలి దూరి, ఒక్కో చొక్కా ఒక్కో మనిషిలా లేచిన బొమ్మ. దర్జీ కూతురు వేసింది. దానికి మొదటి బహుమతి వచ్చింది. బహుమతి చూసి పైవాళ్ళు ఆ కాగితం వెనక్కి తీసుకున్నారు. టీచరమ్మ ఉద్యోగం నిలిచింది.

పోటీవాళ్ళ నియమం ఏమిటంటే, పొరలన్నీ కలిపేసి ఒకే బొమ్మగా పంపాలి. ఇరవై ఎనిమిది మంది పిల్లల బొమ్మలు ఉన్నాయి. ఆ సాయంత్రంతో గడువు ముగుస్తుంది. దర్జీ కూతురి బొమ్మ దగ్గరికి వచ్చేసరికి తెర మీద ఒక ప్రశ్న లేచింది. దాచిన పొర ఒకటి ఉంది, తీసేయమంటారా అని. బాగా రాని ప్రయత్నాలను పిల్లలు అలా దాచి మరచిపోతుంటారు. అడుగుదామంటే ఆ పిల్ల ఆస్పత్రిలో ఉంది. టీచరమ్మ ‘అవును’ అని నొక్కింది. పాత బొమ్మ పేరుతోనే, పాత బొమ్మ స్థానంలోనే భద్రపరిచి, తర్వాతి బొమ్మ తెరిచింది.

ఇదీ జరిగింది. ఇక ఈ వారం సంగతి.

గురువారం మధ్యాహ్నం లెక్కల టీచర్ తన క్యారేజీ మూత పెట్టేసి, ఆమె చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఒకే ఏడాది ఉద్యోగంలో చేరినవాళ్ళు.

“ఏంటే, మూడ్రోజుల్నించీ అన్నం కెలుకుతున్నావే గానీ తినట్లేదు?”

టీచరమ్మ చెప్పింది. లెక్కల టీచర్ అంతా విని, క్యారేజీని పక్కకి జరిపింది.

“నీ చేతిలో విద్య ఉందిగా. ఆ పిల్లకి గీత నేర్పింది నువ్వు. నువ్వే ఒకటి గీసి, ఇదిగో ఇదేనని చూపించెయ్. పాపం కన్నవాడు, కడుపు చల్లబడుతుంది.”

“అబద్ధం కదే.”

“లెక్కల్లో అయితే తప్పు. మనుషుల మధ్య కాదు.”

“నువ్వయితే చేస్తావా?”

“నాకు గీత రాదు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను” అంది లెక్కల టీచర్. ఇద్దరూ నవ్వబోయి ఆగిపోయారు.

శుక్రవారం చివరి రెండు పీరియడ్లూ ఖాళీ. టీచరమ్మ గది తలుపు వేసుకుని, తెర మీద బొమ్మలు గీసే పలకా కలమూ ముందు పెట్టుకుంది. ఏం వేయాలన్న ఆలోచన రాలేదు. తండ్రి కోసం వేసిందంటే తండ్రినే వేసి ఉంటుంది. కుట్టుమిషను ముందు కూర్చున్న దర్జీని వేయసాగింది.

అయితే ఒక చిక్కు వచ్చింది. ఆ పిల్లది పుర్రచేతి వాటం. తరగతిలో దాని పేరే ‘పుర్రచెయ్యి’. అలా పిలిస్తే “ఊఁ” అని నవ్వుతూ పలికేది. నీడలు వేసేటప్పుడు దాని గీతలు మిగతా అందరి గీతలకూ ఎదురు వాలేవి. టీచరమ్మ కుడిచేత్తో ఆ వాలు పట్టబోతే గీత వణికింది. నాలుగుసార్లు చెరిపింది. ఐదోసారి ఉపాయం తట్టింది. బొమ్మంతా కుడిఎడమలు తిరగేసి వేసి, చివర్న అద్దంలో చూసినట్టు తిప్పేస్తే సరి. కంప్యూటర్‌కి అది ఒక్క నొక్కు పని. తన కుడిచేతి గీతలు ఆ పిల్ల ఎడమచేతి గీతలైపోతాయి.

అన్నీ జాగ్రత్తగా చూసుకుంది. మిషను చక్రం కుడి పక్కకి రావాలి కాబట్టి ముందు ఎడమ పక్క వేసింది. దర్జీ ఏ చెవి మీద పెన్సిల్ పెట్టుకుంటాడో గుర్తు తెచ్చుకుని రెండో చెవి మీద పెట్టింది. గోడకు తగిలించిన కత్తెర, ఒళ్ళోకి జారిన గుడ్డ, వంగిన మెడ. తిప్పింది. ఆ పిల్ల వేసినట్టే ఉంది. ఆ బొమ్మను గాలి బొమ్మ కింద పొరగా పెట్టి, కన్ను మూసింది.

శనివారం ఒంటిపూట బడి. పిల్లల అరుపులు గేటు దాటి సద్దుమణిగాక దర్జీ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల. మెడలో కొలతల టేపు మాత్రం తీయడం మరచిపోయి అలాగే వచ్చేశాడు.

“దాని కుర్చీ ఏదమ్మా?”

“ఇదేనండీ.”

అందులో కూర్చోలేదు. పక్క కుర్చీ లాక్కుని, దాని కుర్చీ వీపు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు.

“నాకు ఈ పొరల సంగతి ముందు తలకెక్కలేదమ్మా. తర్వాత తట్టింది. కోటుకి లైనింగ్ ఉంటుంది చూడండి, అట్లాగన్నమాట. పైకి కనపడదు. ఒంటికి తగిలేది మాత్రం అదే.”

“అంతేనండీ” అంది టీచరమ్మ.

“తెరవండమ్మా. నా పుట్టినరోజు దాటిపోయిందనుకోండి. అయినా ఫర్వాలేదు.”

గాలి బొమ్మ పక్కనున్న కన్ను మూసి, కింది కన్ను తెరిచింది. చొక్కాలన్నీ ఎగిరిపోయినట్టు మాయమై, మిషను ముందు దర్జీ కనిపించాడు.

అతను కుర్చీలోంచి సగం లేచాడు.

“ఓసి దీని! చెవి మీద పెన్సిల్ కూడా వేసిందే! గుమాస్తాలాగా ఉన్నావు నాన్నా, తీసెయ్యి అని రోజూ పోరేది.” నవ్వుతున్నాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటున్నాడు. “బట్టతల మాత్రం సగం దాచింది చూశారా? నా మీద జాలిపడింది. ఇంట్లో అయితే, అద్దం అక్కర్లేదు నాన్నా, నీ నెత్తి చూసి తల దువ్వుకుంటా అనేది.”

టీచరమ్మకు నవ్వొచ్చింది. ఆ నవ్వు వెంటే గుండెలో ఏదో గుచ్చుకుంది. సరేలే, కడుపు చల్లబడింది కదా అనుకుంది. ఇలాగే అయిపోతే బాగుండును అనుకుంది.

దర్జీ తెర దగ్గరికి వంగాడు. వేలు చాచి, అద్దం మీద ఆనించకుండా, బొమ్మలో తన భుజం మీదుగా, చొక్కా కాలరు మీదుగా కిందికి దించాడు. ఛాతీ దగ్గర ఆ వేలు ఆగింది. చాలాసేపు ఆగింది.

“అమ్మా, ఈ చొక్కా ఎవరు వేశారు?”

“మీ అమ్మాయేనండీ.”

“కాదమ్మా.” గొంతు పెద్దది చేయలేదు. కస్టమర్‌కి కొలత చెప్పినట్టు చెప్పాడు. “మగవాళ్ళ చొక్కాకి కాజాల పట్టీ ఎడమ పక్క ఉంటుంది. అది పైకి వస్తుంది. గుండీల పట్టీ కింద ఉంటుంది. ఇందులో కుడి పట్టీ పైకొచ్చింది. ఇది ఆడవాళ్ళ కుట్టు. మా బుజ్జి ఆరేళ్ళప్పటి నుంచి నా పక్కన కూర్చుని గుండీలు కుట్టింది. చక్రం తప్పు వేసినా వేస్తుంది. ముక్కు వంకర వేసినా వేస్తుంది. ఇది మాత్రం నిద్దట్లో కూడా తప్పదు.”

టీచరమ్మ తెర వంక చూసింది. చక్రం చూసుకుంది, పెన్సిల్ చూసుకుంది, కత్తెర చూసుకుంది. రోజూ కళ్ళెదుట తిరిగే చొక్కాల గుండీలు ఏ పక్కనుంటాయో, బొమ్మ తిప్పితే అవీ పక్క మారతాయని ఒక్కసారీ చూసుకోలేదు.

“నేనే వేశానండీ” అంది.

ఇక ఏదీ దాచలేదు. పోటీ సంగతి, గడువు సంగతి, తెర మీద లేచిన ప్రశ్న సంగతి అన్నీ చెప్పింది. అవునని నొక్కిన సంగతి చెప్పేటప్పుడు చెయ్యి దానంతటదే బల్ల కిందికి పోయింది. ఆ బొమ్మ వల్లే తన ఉద్యోగం నిలిచిందని కూడా చెప్పింది. అది చెప్పకుండా మిగతావన్నీ చెబితే సగమే చెప్పినట్టు అనిపించింది.

“మళ్ళీ రాదా అది? ఎక్కడా లేదా?”

“నేను వెతకని చోటు లేదండీ. నాకంటే బాగా తెలిసినవాళ్ళని కూడా అడిగాను. దాని మీదే మళ్ళీ భద్రపరిచాను కదా, పోయింది అన్నారు.”

“నేను ఒక్క కుట్టు విప్పాలంటే రెండుసార్లు చూస్తానమ్మా. అది నా గుడ్డ కాదు కాబట్టి.”

“తెలియక చేశాను అన్నయ్యగారూ.”

“అది తెలియక చేశారు.” తెర వైపు చెయ్యి చూపించాడు. “మరి ఇది?”

టీచరమ్మ తెర మీంచి చూపు తిప్పుకుంది. తల వంచుకుంది. ఇరవై రెండేళ్ళలో ఎంతమంది పిల్లల్ని ఆ గదిలో తల వంచుకుని నిలబెట్టిందో! ఇప్పుడు తను కూర్చుని ఉంది, అంతే తేడా.

దర్జీ లేచాడు. తలుపు దాకా వెళ్ళాడు. గడప దగ్గర ఆగి, మెడలో టేపు ఉన్న సంగతి అప్పుడే గమనించినట్టు తీసి, వేళ్ళకు చుట్టుకున్నాడు. విప్పాడు. మళ్ళీ చుట్టుకున్నాడు. తర్వాత వెనక్కి వచ్చాడు.

“దాని తల్లి బయట మెట్ల మీద కూర్చుని ఉందమ్మా. ముందు నువ్వు చూసి రా, తర్వాత నేను చూస్తానంది. మూడు నెలల తర్వాత ఇవాళే తనంతట తను తల దువ్వుకుంది. పొద్దున నాకు టిఫిన్ పెడుతూ, ఏం వేసి ఉంటుందంటావు అని పదిసార్లు అడిగింది.” తెర వైపు తిరిగాడు. “గుండీలు సరిచెయ్యండి.”

“ఏంటండీ?”

“ఎడమ పట్టీ పైకి తెండి. తనకి కూడా కుట్టు తెలుసు, పట్టేస్తుంది. అది సరిచేశారంటే ఇంకేమీ పట్టలేదు. బొమ్మ బాగుందమ్మా. దాని చెయ్యిలాగే ఉంది.”

“అన్నయ్యగారూ, ఇప్పుడే కదా మీరు...”

“నా సంగతి వేరు. నేను మగాణ్ణి, మిషను మీద పడి తొక్కుకుంటా, రోజు గడుస్తుంది. తనకి ఏం ఉందమ్మా?” చేతులు జోడించబోయాడు. టీచరమ్మ చప్పున కుర్చీలోంచి లేచి ఆ చేతులు పట్టుకుంది. సూదులు గుచ్చుకుని గట్టిపడ్డ వేళ్ళు. “చేసింది మీరే. సరిచేసి పెట్టండి. నేను అడిగేది అంతే.”

నిజం చెప్పేశాక గుండె మీది బరువు కాస్త దిగిందనుకుంది టీచరమ్మ. దిగలేదు. అది ఇంకో భుజం మీదికి మారింది. అయినా కూర్చుంది. అడిగింది అతను. కాదనే హక్కు తనకెక్కడిది? కలం తీసుకుని చొక్కా ముందు భాగం చెరిపింది. పట్టీ పోయింది, కాజాలు పోయాయి, గుండీలు ఐదూ పోయాయి. మెడ నుంచి నడుము దాకా తెల్లగా మిగిలింది. కొత్త పట్టీకి మొదటి గీత గీయడానికి కలం ఆనించింది.

“అయిందా?”

తలుపులో దర్జీ భార్య నిలబడి ఉంది. సన్నగా ఉంది. దువ్విన జుట్టు నిజంగానే నున్నగా ఉంది. ఎవరి వైపూ చూడలేదు. తిన్నగా తెర దగ్గరికి వచ్చి, కూతురు కూర్చునే కుర్చీలో చటుక్కున కూర్చోబోయి, అది ఎవరిదో తెలిసినట్టు ఆగి, నిలబడిపోయింది.

“నువ్వేనయ్యా! అచ్చం నువ్వే” అంది. తర్వాత బొమ్మ మీదికి వంగి, “గుండీలు వేయలేదే?” అంది.

దర్జీ టేపును గుప్పిట్లో బిగించాడు.

ఆమె ముఖం మెల్లగా విచ్చుకుంది. టీచరమ్మ ఆ ముఖంలో అలాంటి వెలుగు ఇంతకుముందు చూడలేదు. ఇకముందు చూడదు కూడా.

“చూశావా, చూశావా! ఆస్పత్రికి బయల్దేరిన రోజు ఒళ్ళో నీ చొక్కానే ఉంది కదా. గుండీలు వచ్చాక కుడతాలే అమ్మా, ఎవరినీ ముట్టుకోనివ్వకు అంది. అది ఇప్పటికీ అట్లాగే మడతపెట్టి ఉంది. అదే వేసింది. అదే చొక్కా.” కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “కుట్టడానికి రాలేనేమోనని దానికి ముందే తెలుసంటావా?”

దర్జీ గోడ వైపు తిరిగాడు. వీపు కదులుతోంది.

ఒక్క మాట. ‘అవునమ్మా’ అంటే చాలు. ఎవరూ ఏ గీతా గీయక్కర్లేదు, ఏ పొరా తెరవక్కర్లేదు. ఆ తల్లే కుట్టుకుంది ఆ అబద్ధాన్ని, ఎక్కడా అతుకు కనపడకుండా. దాన్ని మోసుకుని ఆమె బతికేయగలదు. కానీ రేపో మాపో ఆ మడతలోని చొక్కా తీసి, కూతురు తనకిచ్చిన చివరి మాట ఇదేనని పదిమందికీ చెబుతుంది. ఆ పిల్ల నిజంగా చెప్పిన చివరి మాట ఏమిటో ఎవరికీ తెలియదు. తెలియకుండా చేసిన చెయ్యే ఇప్పుడు దాని తరఫున ఇంకో మాట చెప్పబోతోంది.

“టీచరమ్మా, దాని చేత్తో వేసిందే కదా?” అంది దర్జీ భార్య. అనుమానంతో కాదు, సంతోషం సరిపోక అడిగింది. “మీ నోటితో ఒక్కసారి అనండి. అది మీ మాటే మాట అనేది. మీరు చెబితే నాకు ఇంకేం అక్కర్లేదు.”

దర్జీ గోడ వైపు నుంచి తల తిప్పి టీచరమ్మను చూశాడు.

టీచరమ్మ కలం కింద పెట్టింది. దర్జీ ముఖం చూడకుండా, పక్కనున్న కుర్చీ ఒకటి లాగి ముందుకు జరిపింది.

“వదినగారూ, ముందు మీరు కూర్చోండి.”

దర్జీ భార్య ఆ కుర్చీ వంక చూసింది. నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు చేతిలోంచి జారింది.

“ఆస్పత్రిలో పెద్ద డాక్టరు కూడా ముందు ఈ మాటే అన్నాడమ్మా” అంది.

ఆమె కూర్చోలేదు.